కీ నొక్కాక అక్షరం ఎక్కడికి వెళ్తుంది?

విశాఖపట్నంలో జిల్లా కోర్టు, కలెక్టరేట్ చుట్టుపక్కల నడిస్తే టైపింగ్, జిరాక్స్ షాపులు కనిపిస్తూనే ఉంటాయి. అఫిడవిట్, అర్జీ, అద్దె అగ్రిమెంటు, అమ్మకం దస్తావేజు, ఏ కాగితమైనా అక్కడ తయారవుతుంది. పక్కన నిలబడ్డ మనిషి చెబుతుంటే ఆపరేటర్ కొట్టుకుంటూ పోతారు. మధ్యలో “అయ్యో, మా నాన్నగారి పేరు చివర రావు కాదండీ, రాజు” అంటే ఆపరేటర్ వెనక్కి వెళ్లి ఆ ఒక్క అక్షరం మార్చి మళ్లీ ముందుకు వచ్చేస్తారు. కాగితం ఇంకా పుట్టలేదు కాబట్టి దానికి ఏ నష్టమూ లేదు.

ఇదే మాట నలభై ఏళ్ల కిందట అని ఉంటే టైపిస్టుకు టెన్షన్ మొదలయ్యేది. అప్పటికే డబ్బు పెట్టి కొన్న స్టాంపు పేపరు మీద సగం పేజీ అచ్చు పడిపోయి ఉంటుంది. దాని కింద కార్బన్, దాని కింద పల్చటి కాగితం, మళ్లీ కార్బన్, మళ్లీ కాగితం. తప్పు ఒక్కచోట కాదు, ఎన్ని కాపీలుంటే అన్నిచోట్లా దిద్దాలి. ఒక్కో కాగితాన్నీ పైకెత్తి, కార్బన్ మీద మరక పడకుండా చిన్న అట్ట ముక్క అడ్డం పెట్టి, రబ్బరుతో రుద్ది, రోలర్‌ను సరిగ్గా అదే గీతకు తెచ్చి మళ్లీ కొట్టాలి.

ఈ రెండు దృశ్యాల మధ్య తేడా వేగంలో లేదు. టైపురైటర్‌లో కీ నుంచి అక్షరం నేరుగా కాగితం మీదికి పోతుంది. కంప్యూటర్‌లో అది దారిలో ఒకచోట ఆగుతుంది. వర్డ్ ప్రాసెసింగ్ యంత్రాల, అంటే కొట్టినదాన్ని దాచుకొని దిద్దనిచ్చే యంత్రాల, చరిత్ర మొత్తం ఈ మజిలీ గురించినదే. అక్షరాన్ని ఎక్కడ ఆపారు, ఏ రూపంలో ఆపారు, ఆపాక దానితో ఏం చేయగలిగారు అన్న మూడు ప్రశ్నలు పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. రెండో ప్రశ్న తెలుగుకు ప్రాణం లాంటిది. ఇంగ్లిష్‌లో అక్షరమూ దాని రూపమూ దాదాపు ఒకటే కాబట్టి దేన్ని దాచినా ఇబ్బంది లేదు. తెలుగులో అవి రెండు వేర్వేరు వస్తువులు. చాలా ఏళ్లు మన యంత్రాలు అక్షరాన్ని వదిలేసి రూపాన్నే దాచాయి. దాని ఫలితం విశాఖలో ఏ డీటీపీ సెంటర్‌కి, అంటే అచ్చు కోసం కంప్యూటర్‌లో పేజీలు కూర్చే షాపుకి, వెళ్లినా ఇప్పటికీ కనిపిస్తుంది.

ముందు టైపురైటర్ సంగతి. అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్, ఆయన సహచరులు 1868లో పేటెంట్ తీసుకున్న యంత్రాన్ని తుపాకులు తయారుచేసే రెమింగ్టన్ కంపెనీ 1874లో మార్కెట్లోకి తెచ్చింది. 1878లో వచ్చిన రెండో మోడల్‌లో షిఫ్ట్ కీ చేరింది. ఒకే కడ్డీ చివర పెద్దక్షరం, చిన్నక్షరం రెండూ పోతపోసి, షిఫ్ట్ నొక్కినప్పుడు రోలర్ ఉన్న బండిని కాస్త జరిపేవారు. ఆ జరపడానికే షిఫ్ట్ అని పేరు. ఈరోజు ఫోన్ తెర మీద జరిగేది ఏమీ లేకపోయినా ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఎంటర్ కీకి ఉన్న మరో పేరు ‘రిటర్న్’ కూడా బండిని మళ్లీ మొదటికి తోయడం నుంచి వచ్చిందే. ఈమెయిల్‌లో ‘సీసీ’ అంటే కార్బన్ కాపీ. బ్యాక్‌స్పేస్ మాత్రం అర్థం పూర్తిగా మార్చుకుంది. టైపురైటర్ మీద అది బండిని ఒక గడి వెనక్కి తీసుకెళ్లేది, అంతే. చెరిపే శక్తి దానికి లేదు. ఆ శక్తి రావాలంటే అక్షరం కాగితం మీద పడకముందే ఎక్కడో ఆగి ఉండాలి.

మన దేశంలో గోద్రెజ్ సంస్థ 1955లో టైపురైటర్ల తయారీ మొదలుపెట్టింది. విశాఖ లాంటి ఊరికి ఈ యంత్రం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. 1933లో పోర్టు తెరుచుకుంది. 1948లో ఇక్కడి షిప్‌యార్డు నుంచి జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది. రైల్వే, నేవీ, తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాయి. ఓడ వచ్చినా, సరుకు దిగినా, మనిషి ఉద్యోగంలో చేరినా కాగితం పుట్టాలి, ఆ కాగితానికి నాలుగు కాపీలు ఉండాలి. అందుకే టెన్త్ పరీక్షలు అవగానే పిల్లల్ని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించడం చాలా ఇళ్లలో రివాజుగా ఉండేది. ‘ఎ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్’ అంటూ ఎడమచేతి వేళ్లు, ‘సెమికోలన్, ఎల్, కె, జె, హెచ్, జె’ అంటూ కుడిచేతి వేళ్లు, పాఠం పాఠానికీ పేజీ నిండా. టైపు పరీక్షల్లో లోయర్ పాసై హయ్యర్ రాస్తే గుమాస్తా ఉద్యోగానికి ఒక అర్హత చేతికొచ్చినట్టే. ఆ వేళ్ల చదువు వృథా పోలేదు. వాళ్లలో చాలామంది తర్వాత కంప్యూటర్ ముందు కూర్చొని అవే వేళ్లతో పనిచేశారు. మారింది వేళ్ల కింద జరిగే పని.

ఆ మార్పుకు మొదటి మెట్టు 1961లో ఐబీఎం తెచ్చిన సెలెక్ట్రిక్. దీనిలో అక్షరానికో కడ్డీ ఉండదు. గోల్ఫ్ బంతి అంత గోళం మీద 88 గుర్తులు నాలుగు వరసల్లో, వరసకు 22 చొప్పున పోతపోసి ఉంటాయి. కీ నొక్కితే గోళం కావలసినంత వంగి, కావలసినంత తిరిగి, రిబ్బన్ మీద కొడుతుంది. బండి కదలదు, గోళమే కాగితం వెంట నడుస్తుంది. అయితే అసలు విశేషం బంతిలో లేదు. కీ నొక్కగానే లోపల కొన్ని కడ్డీలు పైకి, కొన్ని కిందికి పోతాయి. ఏవి పోయాయి అన్నదాన్ని బట్టి ‘ఇంత వంగు, ఇంత తిరుగు’ అనే ఆజ్ఞ తయారవుతుంది. అంటే అక్షరం ఒక సంకేతంగా మారింది. ఇంకా ఇనుప సంకేతమే, కానీ సంకేతమంటూ అయ్యాక దాన్ని దాచుకోవచ్చు.

ఐబీఎం 1964లో అదే చేసింది. సెలెక్ట్రిక్ పక్కన ఒక పెట్టె పెట్టి, కొట్టిన ప్రతి అక్షరం సంకేతాన్నీ అయస్కాంత టేపు మీదికి ఎక్కించింది. టైపిస్టు తప్పు కొడితే వెనక్కి వచ్చి దాని మీదే సరైన అక్షరం కొడితే చాలు, టేపు మీద పాతది చెరిగి కొత్తది కూర్చుంటుంది. ఎదురుగా ఉన్న కాగితం చిత్తుకాగితంలా ఉన్నా ఫర్వాలేదు. అంతా అయ్యాక కొత్త కాగితం పెట్టి టేపు తిప్పితే, సెలెక్ట్రిక్ తనంతట తాను సెకనుకు దాదాపు 15 అక్షరాల వేగంతో పేజీ మొత్తం తప్పుల్లేకుండా కొట్టేస్తుంది. రెండు వేల అక్షరాల పేజీకి రెండు నిమిషాలు పైచిలుకు. రెండు టేపులు పట్టే మోడల్‌లో ఒక టేపులో ఉత్తరం, ఇంకోదానిలో పేర్లు, చిరునామాలు పెట్టి వందమందికి వంద ఉత్తరాలు తీయవచ్చు. ‘వర్డ్ ప్రాసెసింగ్’ అన్న మాట వెనుక ఉన్న జర్మన్ పదాన్ని ఐబీఎం జర్మనీ శాఖలో టైపురైటర్లు అమ్మిన ఉల్రిచ్ స్టైన్‌హిల్పర్ 1950లలోనే పుట్టించాడు. ఆ మాట లోకమంతా పాకింది మాత్రం ఈ టేపు యంత్రంతోనే.

ఇక్కడ ఎవెలిన్ బెరెజిన్‌ను తలచుకోకపోతే కథ సగమే అవుతుంది. విమాన టికెట్ల రిజర్వేషన్‌కు కంప్యూటర్ వ్యవస్థ తయారుచేసిన ఇంజనీరు ఆమె. 1969లో న్యూయార్క్ దగ్గర రెడాక్ట్రాన్ అనే సొంత కంపెనీ పెట్టి, 1971లో ‘డేటా సెక్రటరీ’ని అమ్మకానికి తెచ్చారు. చిన్న ఫ్రిజ్ అంత ఉండేది. తెర లేదు. కానీ లోపల 13 చిప్‌లు ఉండేవి, వాటిలో కొన్నిటిని ఆమే రూపొందించారు. ఐబీఎం యంత్రం ఎక్కువగా రిలేలు అనే విద్యుత్ స్విచ్‌లు, మోటార్ల మీద నడిచేది. బెరెజిన్ యంత్రంలో అక్షరాల్ని చూసుకునే పని ఎలక్ట్రానిక్స్‌కు వెళ్లింది. సెక్రటరీ ఉద్యోగాలన్నీ ఆడవాళ్లే చేసే రోజుల్లో, వాళ్ల రోజులో చాలా సమయం ఒకే పేజీని మళ్లీ మళ్లీ కొట్టడానికే పోతుందని గమనించి దాన్ని తగ్గించే పని ఒక మహిళ తలకెత్తుకున్నారు. ఈ రంగం గురించి చెప్పేటప్పుడు ఆమె పేరు ఇంత తక్కువగా వినిపించడం అన్యాయం.

తెర రావడంతో మిగతాది త్వరగా జరిగిపోయింది. 1970ల మొదట్లో కొన్ని చిన్న కంపెనీలు, 1976లో ఆన్ వాంగ్ కంపెనీ తెర ఉన్న యంత్రాల్ని ఆఫీసుల్లోకి తెచ్చాయి. ఆ తర్వాత ప్రత్యేక యంత్రమే అక్కర్లేకుండా పోయింది. మామూలు కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాము చాలు. 1970ల చివర వచ్చిన వర్డ్‌స్టార్ మన ఆఫీసుల్లోనూ చాలాకాలం ఏలింది. దానికి మౌస్ లేదు. ఒక పేరాను మొదలు, చివర గుర్తుపెట్టడానికి కంట్రోల్-కె-బి, కంట్రోల్-కె-కె, కదపడానికి కంట్రోల్-కె-వి. ఇవి కంఠతా వచ్చినవాళ్ల చేతులు కీబోర్డు వదిలేవి కావు. 360 కిలోబైట్ల ఫ్లాపీలో రెండు వేల అక్షరాల పేజీలు నూట ఎనభై దాకా పట్టేవి. కార్బన్ పెట్టి కొట్టిన గుమాస్తాకు అది ఒక బీరువా జేబులో పెట్టుకున్నంత వింత.

సరే, అక్షరం మజిలీలో ఆగింది. అక్కడ అది ఎలా ఉంటుంది? కంప్యూటర్ జ్ఞాపకంలో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి, సంఖ్యల రూపంలో వరసగా ఉంటాయి. ఇంగ్లిష్ పెద్దక్షరం ‘ఎ’ అంటే 65, ‘బి’ అంటే 66. వరసగా ఉన్నాయంటే ఒక చిక్కు వస్తుంది. మూడు వందల పేజీల పత్రంలో మొదటి పేజీలో ఒక్క అక్షరం చేర్చాలంటే, దాని తర్వాతి లక్షల అక్షరాల్ని తలా ఒక గడి పక్కకు జరపాలా? ఆనాటి కంప్యూటర్‌కు ఆ పని ప్రతి కీకీ చేయాలంటే ఊపిరాడదు.

దీనికి దొరికిన పరిష్కారాల్లో అందమైనదాన్ని మన తాళపత్రాల వాళ్లు ముందే వాడారు. తాటాకు మీద గంటంతో రాసింది చెరగదు. రాసేవాడు ఒక మాట వదిలేస్తే, ఆ చోట గీతల మధ్య హంసపాదు పెట్టి, వదిలేసిన మాటను అంచున రాసేవాడు. మూల పాఠాన్ని ముట్టుకోడు. చదివేవాడు హంసపాదు దగ్గర ఆగి, అంచుకు వెళ్లి ఆ మాట చదివి, మళ్లీ వెనక్కి వచ్చి కొనసాగిస్తాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నట్టి తాళపత్రాలు తిప్పి చూసినవారికి ఈ పద్ధతి పరిచితమే.

అమెరికాలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో 1974లో బట్లర్ లాంప్సన్, చార్ల్స్ సిమోని తయారుచేసిన ‘బ్రావో’ కూడా సరిగ్గా ఇలాగే నడిచింది. మొదట తెరిచిన పత్రాన్ని అది ఎన్నడూ మార్చదు. కొత్తగా కొట్టిందంతా వేరే చోట, వచ్చింది వచ్చినట్టుగా చివరన చేరుతూ పోతుంది. పక్కన ఒక పట్టిక ఉంటుంది. ఉదాహరణకు మూలంలో “విశాఖ నుంచి సరుకు బయలుదేరింది” అని ఉంది. ‘నుంచి’ తర్వాత “నిన్న రాత్రి” చేర్చాలి. అప్పుడు పట్టికలో మూడు పంక్తులు పడతాయి: మూలంలో మొదటి రెండు మాటలు, చేర్పుల్లో “నిన్న రాత్రి”, మళ్లీ మూలంలో మిగిలిన రెండు మాటలు. తెర మీద చూపేటప్పుడు పట్టిక ప్రకారం అక్కడో ముక్క, ఇక్కడో ముక్క తెచ్చి అతికిస్తుంది. చేర్చింది వద్దనుకుంటే పట్టికను పాత స్థితికి తెస్తే సరి. అన్‌డూ అంత సులువుగా జరగడానికి కారణం ఇదే. పేరాను కట్ చేసి ఇంకోచోట పేస్ట్ చేసినా కదిలేది పట్టికలోని పంక్తి, అక్షరాలు కావు. కట్, కాపీ, పేస్ట్ అన్న పద్ధతి కూడా అదే కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ చేతుల్లో రూపుదిద్దుకుంది. కత్తెర, గమ్ పెట్టి పత్రికల పేజీలు అతికించే పని నుంచి వచ్చిన మాటలవి.

సిమోని 1981లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లాడు. 1983లో వచ్చిన వర్డ్‌లోనూ ఈ ముక్కల పట్టికే ఉంది. దానికి ఒక చీకటి కోణం కూడా ఉండేది. వర్డ్ పాత వెర్షన్లలో ‘ఫాస్ట్ సేవ్’ అని ఒక సౌకర్యం ఉండేది. ఫైలును పూర్తిగా తిరగరాయకుండా చేర్పులు, పట్టిక మాత్రమే చివర అతికించేది. అంటే మనం తీసేశామనుకున్న వాక్యం తెర మీద కనిపించకపోయినా ఫైలులో భద్రంగా ఉండేది. తెలిసినవాళ్లు ఆ ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిచి పాత వాక్యాలు చదివేసేవారు. ఒప్పందాల్లో బేరసారాల చిత్తుప్రతులు అలా బయటపడే ప్రమాదం ఉండేది. తర్వాత ఆ సౌకర్యాన్ని తీసేశారు.

కొత్త గీతకు వెళ్లడం కూడా యంత్రమే చూసుకుంటుంది. టైపురైటర్‌లో గీత చివర దగ్గరపడగానే గంట మోగేది. ఆ గంట విని ఈ మాట పడుతుందా, కింది గీతకు తోసెయ్యాలా అని టైపిస్టే లెక్కవేసుకోవాలి. ప్రోగ్రాము ఒక్కో అక్షరం వెడల్పు కూడుకుంటూ పోయి, హద్దు దాటగానే ఆ మాట ముందున్న ఖాళీ దగ్గర గీత విరుస్తుంది. ఇంగ్లిష్ మాటలు పొట్టివి కాబట్టి ఇది చక్కగా కుదురుతుంది. “విశాఖపట్నంలోనివాళ్లందరికీ” లాంటి మాట సన్నటి కాలమ్‌లో వస్తే, అది కింది గీతకు పోయి పై గీతలో పెద్ద ఖాళీ మిగులుతుంది. అందుకే మన పత్రికలు మాటను మధ్యలోనే, అక్షరం దగ్గర విరుస్తాయి. అలా విరవాలంటే తెలుగులో ‘ఒక అక్షరం’ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో యంత్రానికి తెలియాలి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

తెలుగు టైపురైటర్‌కు నలభై చిల్లర కీలు, ఒక్కో కీకి రెండు రూపాలు. మొత్తం తొంభైకి అటూ ఇటూ. గుణింతాలు, వత్తులు కలిపితే మన అక్షర రూపాలు వేలల్లో ఉంటాయి. కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేయక తప్పలేదు. ప, ఫ, ష కుదురు ఒకటే, ఒక చిన్న గీత తేడా. అక్షరం మీద పడే గుర్తుల కోసం, నొక్కినా బండి కదలని కీలు పెట్టారు. టైపిస్టు వేళ్లు పలికే శబ్దాన్ని కాక, బొమ్మలోని ముక్కల్ని కొట్టేవి. యంత్రంలో దాచేదేమీ లేదు కనుక అది తప్పూ కాదు. కంటికి అక్షరం సరిగ్గా కనిపిస్తే పని అయిపోయినట్టే.

కంప్యూటర్ వచ్చాక ముందు రెండు దారులు తెరుచుకున్నాయి. మొదటిది సరైన దారి. ఐఐటీ కాన్పూర్‌లో 1980లలో మొదలై తర్వాత ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చేతికి వెళ్లిన ‘జిస్ట్’ పరిజ్ఞానం రూపాన్ని కాక అక్షరాన్ని దాచింది. ఆనాటి తెరలో ఒక్కో అక్షరానికి చిన్న చుక్కల గడి ఒకటే కేటాయింపు. ఇంగ్లిష్ అక్షరం అందులో పడుతుంది, కింద వత్తు, పైన గుడి ఉన్న తెలుగు అక్షరం పట్టదు. అందుకని కంప్యూటర్‌లో అదనంగా ఒక కార్డు గుచ్చి, రూపం కూర్చే పనిని దానికి అప్పగించారు. అది ఉంటే వర్డ్‌స్టార్‌లో కూడా తెలుగు నడిచేది. దాని వెనుక ఉన్న సంకేతాల పట్టిక, ‘ఇస్కీ’, 1991లో భారతీయ ప్రమాణం అయింది. అందులో క అంటే తెలుగులోనైనా, దేవనాగరిలోనైనా, తమిళంలోనైనా ఒకే సంఖ్య. తెలుగులో కొట్టిన పేరు లిపి మార్చితే దేవనాగరిలో కనిపిస్తుంది. పోర్టు, రైల్వే, ఉక్కు ఫ్యాక్టరీ అంటూ మూడు భాషల బోర్డులతో నడిచే విశాఖ లాంటి ఊరికి ఇంతకన్నా తగిన ఏర్పాటు ఉండదు.

కానీ ఊళ్లో డీటీపీ షాపులు పట్టుకున్నది రెండో దారి. విండోస్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము వచ్చాక పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పత్రికలు అందంగా కావాలి, వెంటనే కావాలి. దానికి సులువైన ఉపాయం, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఫాంట్. అను ఫాంట్లు, శ్రీలిపి ఇలాంటివే. కంప్యూటర్‌కు సంబంధించినంతవరకు ఆపరేటర్ కొట్టింది ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంట్ వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. యాపిల్, మాడ్యులర్ అంటూ కీబోర్డు అమరికలు వేరువేరుగా వచ్చాయి. ఒకదానిలో చెయ్యి తిరిగినవాళ్లు ఇంకోదానికి మారడం కష్టం. ఈ ఉపాయాన్ని తక్కువ చేయడానికి లేదు. తెలుగు అచ్చు పనిని సీసపు అక్షరాల కంపోజింగ్ నుంచి బయటికి తెచ్చి, రెండు దశాబ్దాలపాటు వేలమందికి బతుకుతెరువు చూపింది ఇదే. ఆ అక్షరాల సొంపు ఇప్పటికీ చాలామంది డిజైనర్లకు కన్ను మళ్లనివ్వదు.

అయినా జరిగింది మాత్రం ఇది: కంప్యూటర్‌ను మనం తెర ఉన్న టైపురైటర్‌గా వాడాం. అక్షరం మజిలీలో ఆగింది, కానీ తన పేరు చెప్పకుండా ఆగింది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు. వెయ్యి ఫైళ్లలో ‘భీమునిపట్నం’ అన్న మాట ఎక్కడుందో వెతకమంటే యంత్రానికి అక్కడ భీమునిపట్నం లేదు, ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం ఉంది. అకారాది క్రమంలో పేర్లు పేర్చమంటే బొమ్మల ముక్కల క్రమంలో పేరుస్తుంది. కళ్లు కనిపించనివారికి చదివి వినిపించే ప్రోగ్రాము ఆ గుర్తుల్నే చదువుతుంది.

దీనికి మందు యూనికోడ్, అంటే ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక సంఖ్య ఇచ్చే ఉమ్మడి పట్టిక. దాని మొదటి ప్రమాణం 1991లోనే వచ్చింది, తెలుగు అందులో మొదటినుంచీ ఉంది. 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు మనవి. ఇస్కీ అమరికనే ఆధారంగా తీసుకున్నారు. అ అంటే 3077, మ అంటే 3118, పొల్లు అంటే 3149. ‘అమ్మ’ కంటికి రెండక్షరాలు, యంత్రానికి నాలుగు సంఖ్యలు: 3077, 3118, 3149, 3118. మకు పొల్లు పెట్టి మళ్లీ మ. బడిలో పంతులుగారు చెప్పిన పద్ధతే, ‘మకారానికి మ వత్తు’. ‘విశాఖపట్నం’ ఐదు అక్షరాలుగా కనిపిస్తుంది కానీ లోపల పది సంఖ్యలు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్కో తెలుగు సంఖ్యకు మూడు బైట్లు, అంటే మొత్తం 30 బైట్లు. అదే పేరును ఇంగ్లిష్‌లో రాస్తే 13.

ఇక్కడ దాచేది ఉచ్చారణను. రూపం సంగతి చివర్లో, తెర మీద చూపించేటప్పుడు చూసుకుంటారు. ఆ పని చేసే ప్రోగ్రాము సంఖ్యల వరసను అక్షరాలుగా విడగొట్టి, హల్లు తర్వాత పొల్లు, మళ్లీ హల్లు వస్తే వత్తుగా మార్చి, గుణింతపు గుర్తును మొదటి హల్లుకు తగిలించి, క, ష కలిస్తే ‘క్ష’ అనే ప్రత్యేక రూపం తెచ్చి, ఫాంట్‌లోని బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెడుతుంది. ‘స్త్రీ’ లాంటి ఒక్క అక్షరానికి ఆరు సంఖ్యలు, అన్నీ ఒకే చోట ఇమడాలి. ఇదంతా కీ నొక్కిన ప్రతిసారీ, రెప్పపాటు కంటే ముందే జరుగుతుంది. ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేకమైన కూర్పులో రాస్తే, అంటే మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు ఉంటే, అది వచ్చిన ఐఫోన్‌లో మెసేజింగ్ యాప్‌లు కుప్పకూలాయి. దాన్ని సరిచేయడానికి ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసింది. ఒక్క తెలుగు అక్షరం కోసం ప్రపంచమంతా ఐఫోన్లు అప్‌డేట్ చేసుకుంది.

యూనికోడ్ 1991లో వచ్చినా అది మన చేతికి అందడానికి చాలా ఏళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ వచ్చింది, పోతన ఫాంట్ అభిమానుల కంప్యూటర్లలోకి చేరింది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిని అమెరికాలోని రైస్ యూనివర్సిటీ తెలుగు విద్యార్థులు ముందే తయారుచేసి పెట్టారు. 2006లో వీవెన్ అనే తెలుగు బ్లాగరు ‘లేఖిని’ వెబ్ పేజీ తెచ్చాక ఎవరైనా బ్రౌజర్ తెరిచి తెలుగు రాయగలిగారు. తర్వాత ఫోన్ అందరినీ ఒక్క ఊపులో యూనికోడ్‌లోకి లాగేసింది. 2017లో గూగుల్ తెలుగు వాయిస్ టైపింగ్ తెచ్చాక అసలు కీ కూడా అక్కర్లేదు. బీచ్ రోడ్డులో నడుస్తూ మాట్లాడితే వాక్యం తెర మీద పడుతుంది.

ఇంకా మిగిలిన పెద్ద లోటు అక్షరదోషాల తనిఖీ. ఇంగ్లిష్‌కు మాటల జాబితా ఒకటి ఉంటే చాలా పని జరిగిపోతుంది. తెలుగులో ‘చెయ్యి’ నుంచి చేస్తాడు, చేయలేకపోయినందుకైనా, చేయించుకున్నవాళ్లలో, ఇలా పుట్టే రూపాలకు అంతులేదు. సంధులు, సమాసాలు కలిస్తే జాబితా ఎంత పెద్దదైనా చాలదు. మాటను విడగొట్టి, ప్రకృతి ఏది, ప్రత్యయం ఏది అని వ్యాకరణం ప్రకారం తేల్చాలి. అందుకే సరైన మాట కింద కూడా ఎర్ర గీతలు పడుతుంటాయి, జనం వాటిని పట్టించుకోవడం మానేశారు. తెలుగు శాఖలు, కంప్యూటర్ శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చొని చేయాల్సిన పని ఇది.

ఇదంతా అయ్యాక ద్వారకానగర్‌లో ఒక డీటీపీ సెంటర్‌కి ఫోన్‌లో టైప్ చేసిన మేటర్ పంపితే, ఆపరేటర్ ముందు చేసే పని దాన్ని యూనికోడ్ నుంచి అను ఫాంట్‌లోకి మార్చడం. డిజైన్ పాత పేజ్‌మేకర్‌లో ఉంటుంది, దానికి యూనికోడ్ తెలుగు అర్థం కాదు. అంటే ఉచ్చారణగా వచ్చిన అక్షరాన్ని మళ్లీ ముక్కల బొమ్మగా మార్చి అచ్చువేస్తున్నారు. రెండో వైపు నుంచి, పాత పుస్తకాల ఫైళ్లున్న రచయితలు వాటిని అను నుంచి యూనికోడ్‌లోకి తేవాలని తిరుగుతుంటారు. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. కానీ ఆపరేటర్ ఒక ముక్కను ముందు కొట్టాల్సింది వెనక కొట్టి ఉండవచ్చు, వత్తు రెండుసార్లు పడి ఉండవచ్చు. అచ్చులో కంటికి ఏ తేడా కనిపించలేదు కాబట్టి అప్పుడు ఎవరూ దిద్దలేదు. మార్చాక మాత్రం ఆ చోట అక్షరం విడిపోయి, గుణింతం చుక్కల వలయం మీద ఒంటరిగా నిలబడుతుంది. అప్పుడు ఒక పక్క పాత అచ్చు ప్రతి, ఇంకో పక్క తెర పెట్టుకొని, గీత గీతకూ వేలు పెట్టి పోల్చుకుంటూ దిద్దడమే. ఆ పాత కీబోర్డు అమరిక చేతికి వచ్చినవాళ్లయితే తప్పు చూడగానే ఏ వేలు ఎక్కడ జారిందో చెప్పేస్తారు. పాత ఫైళ్లున్నవాళ్లు ఆ పని వాళ్ల చేతిలో పెట్టడం మంచిది, అదీ వాళ్లు ఇంకా షాపుల్లో పనిచేస్తుండగానే.